సక్కర్ చేపను కుందూలో వదలొచ్చా?

ప్రశ్న: మా అక్వేరియంలోని సక్కర్ చేప జానెడు దాటింది. కుందూ నదిలో వదిలేయమంటారా? – ఒక పాఠకుడు, కోయిలకుంట్ల

జవాబు: వద్దు. షాపుల్లో వేలెడంత పిల్లగా అమ్మే ఈ దక్షిణ అమెరికా సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్ అడుగున్నర వరకూ పెరుగుతుంది. మురికినీటిలోనూ గాలి మింగి బతుకుతుంది, గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది. అందుకే జాలర్లు దీన్ని దెయ్యం చేప అంటారు. తూర్పు కనుమల జలాశయాల్లో ఇది ఎంతగా పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్లతో గుర్తించారు. కుందూ పెన్నలో కలుస్తుంది. ఒక ఊరి చేప అక్కడితో ఆగదు.

చేపను ఇంట్లోనే ఉంచుకుంటే కనీసం 400 లీటర్ల తొట్టి, గట్టి ఫిల్టర్ కావాలి. పాచి తిని బతికేస్తుందని నమ్మి చేపను ఆకలితో మాడ్చేవారు చాలామంది. రాత్రి లైటు ఆర్పాక దోస, సొర ముక్కలు, అడుగుకు మునిగే మేత బిళ్లలు వేయాలి. నమలడానికి ఒక చెక్క ముక్క ఉంచాలి. వారానికోసారి పావువంతు నీళ్లు మార్చాలి.

కోయిలకుంట్ల నేల సున్నపురాయిది, బోరు నీళ్లు కఠినంగా ఉండొచ్చు. సక్కర్ తట్టుకుంటుంది, కానీ నీటి మార్పు ఒక్కసారిగా జరగకూడదు.

చిన్న తొట్టి ఉన్నవారికి 15 సెంటీమీటర్లు దాటని బ్రిసిల్‌నోస్ రకం సక్కర్ చేప మేలు. పెద్ద చేపను సాకలేకపోతే అమ్మిన షాపుకే తిరిగి ఇవ్వండి. ఏటిలో, చెరువులో, కాలువలో మాత్రం వదలకండి.