వెంట్రుకకన్నా వేల రెట్లు పలచని జల్లెడ

వానాకాలంలో ఆలంపూర్ దగ్గర తుంగభద్రలో ఎర్రనీరు వస్తుంది. ఆ నీటిని గుడ్డతో బిందెలోకి వడగట్టి చూడండి. పుల్లలు, ఆకులు, ఇసుక గుడ్డమీద నిలిచిపోతాయి. ఎరుపు మాత్రం పోదు. బంకమన్ను రేణువులు గుడ్డ కంతలకన్నా ఎంతో చిన్నవి కాబట్టి దూరి వచ్చేస్తాయి. అందుకే మన పెద్దవాళ్లు ఆ నీళ్లలో చిల్లగింజను అరగదీసేవారు. రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, అడుగుకు దిగేవి. పైన తేట నీరు మిగిలేది.

అయితే, ఇంకా చిన్న కంతలున్న జల్లెడ తయారుచేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. తయారుచేయవచ్చు. కాని కంత చిన్నదైన కొద్దీ నీరు దిగడం కష్టమవుతుంది. దీనికి కంత వెడల్పు ఒక్కటే కారణం కాదు. జల్లెడ మందం కూడా కారణమే.

గడప, సందు

జాతరనాడు గుడి గడప దాటడం ఒక్క అడుగు పని. అంతే వెడల్పుగల పొడవాటి సందులోనుంచి పోవాలంటే? గోడలు రాసుకుంటూ, ఆగి ఆగి నడవాలి. వడపోత పొరలోనూ ఇంతే. పొర మందంగా ఉంటే ప్రతి కంతా ఒక పొడవాటి సందు. నీరు మెల్లగా కదులుతుంది. వడగట్టే పదార్థంలో కొంత ఆ సందుల్లోనే చిక్కుకుని నష్టమవుతుంది కూడా.

ప్రయోగశాలల్లో మాంసకృత్తుల వంటి పెద్ద అణువులను వేరుచేయడానికి వాడుతూ వచ్చిన పొరలు, ఆ అణువులకన్నా వెయ్యి రెట్లకు పైగా మందంగా ఉండేవి. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2007లో ఈ చిక్కును విడదీశారు. వారు సిలికాన్‌తో సుమారు 15 నానోమీటర్ల మందంగల పొరను తయారుచేశారు. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు ఒక నానోమీటరు. మీ తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. దీనినిబట్టి ఆ పొర ఎంత పలచనిదో మీరే లెక్క కట్టండి!

కంతలు ఎవరు పొడిచారు?

ఎవరూ పొడవలేదు. సిలికాన్ పలకమీద మొదట సిలికాన్ ఆక్సైడు, దానిమీద పలుచగా సిలికాన్, పైన మళ్లీ ఆక్సైడు పరుస్తారు. తర్వాత 700 సెంటీగ్రేడు డిగ్రీలకు పైబడిన వేడిలో కాసేపు ఉంచుతారు. అప్పుడు మధ్యనున్న సిలికాన్ చిన్న చిన్న స్ఫటికాలుగా మారుతుంది. ఆ మార్పులోనే కంతలు వాటంతట అవే ఏర్పడతాయి. వేడిని, ఇతర పరిస్థితులను మార్చి కంతల సగటు వెడల్పును 5 నుంచి 25 నానోమీటర్ల వరకు కావలసినట్లు తెచ్చుకోవచ్చు. చివరకు అడుగు పలకను, ఆక్సైడు పొరలను రసాయనాలతో తొలగిస్తే, పలుచని సిలికాన్ పొర చిన్న కిటికీకి బిగించిన తెరలా నిలుస్తుంది. ఇంత పలచనిదైనా, ఒక వాతావరణ పీడనాన్ని చిరగకుండా తట్టుకుంది.

2010లో ఆ శాస్త్రజ్ఞులు బంగారు నానో రేణువులను ఈ పొరలగుండా వడగట్టారు. పరిమాణంలో 5 నానోమీటర్లకన్నా తక్కువ తేడా ఉన్న రేణువులను కూడా వేరుచేయవచ్చని తేలింది. వడగట్టిన పదార్థం దాదాపు ఏమీ నష్టం కాలేదు. నీరు కూడా మామూలు పొరలకన్నా ఎన్నో రెట్లు సులభంగా ప్రవహించింది.

నల్లగొండ నీటికి పనికివస్తుందా?

ఇంత గొప్ప జల్లెడ నల్లగొండ ఫ్లోరైడును ఆపలేదా అని మీకు తోచవచ్చు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి పళ్లపై మచ్చలు వస్తాయి. మరీ ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. ఆ జిల్లాలో ఎన్నో కుటుంబాలు ఈ బాధ పడ్డాయి.

కాని ఫ్లోరైడు అయాను వెడల్పు నానోమీటరులో మూడోవంతుకన్నా తక్కువ! 5 నానోమీటర్ల కంత దానికి సింహద్వారం వంటిది. పరిమాణాన్నిబట్టి ఆపే ఆ జల్లెడ దానిని పట్టలేదు.

అందుకే నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో వేరే దారి పట్టింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి తగిన పాళ్లలో కలుపుతారు. పటికనుంచి ఏర్పడే మెత్తని తెట్టెలు ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతాయి. తర్వాత నీటిని వడగడతారు. దీనికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. మన చిల్లగింజ గుర్తుకు వచ్చిందా? చిన్నదానిని పట్టే జల్లెడ లేనప్పుడు, దానిని పెద్దదానికి అంటించి దించాలి!

కనుక తేటగా ఉన్న నీరంతా మంచినీరు కాదు. ఏ జల్లెడ కావాలో చెప్పడానికి ముందు, ఆపవలసినది ఏమిటో, దాని పరిమాణం ఎంతో తెలియాలి.

మీరే చేసి చూడండి

ఒక గ్లాసు మట్టినీటిని ఒంటి పొర గుడ్డలోనుంచి వడగట్టండి. మరో గ్లాసును అదే గుడ్డను ఎనిమిది మడతలు పెట్టి వడగట్టండి. నీరు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రెండుసార్లూ రాసుకోండి. గుడ్డ పిండినప్పుడు దేనిలో ఎక్కువ నీరు మిగిలింది? సందుకూ గడపకూ తేడా మీ చేతికే తెలుస్తుంది.