ఒకే చెరువు - మూడు నోళ్లు

పిల్లలూ, ఈసారి ఇంట్లో చేపలు కొనేటప్పుడు మీరూ సంచి పట్టుకుని బజారుకు వెళ్లండి. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమలో అవనిగడ్డలోనైనా బొచ్చె, శీలావతి, మోసు అనే చేపలు కనిపిస్తాయి. ధర సంగతి పెద్దలు చూసుకుంటారు. మీరు వాటి నోళ్లు చూడండి.

బొచ్చెకు తల పెద్దది. కింది దవడ ముందుకు వచ్చి, నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైభాగంలో తేలే సూక్ష్మజీవులను అది మింగితే, మొప్పల దగ్గర దువ్వెన పళ్లవంటి సన్నని నిర్మాణాలు వాటిని వడగడతాయి. శీలావతి నోరు చిన్నది, కిందివైపుకు ఉంటుంది. మందపాటి పెదవుల అంచులు కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి. నీటి మధ్యభాగంలో తిరుగుతూ నాచునూ, కుళ్లుతున్న ఆకులనూ తింటుంది. మోసు పెదవులు పలచన. దాని మేత అడుగు బురదలో ఉంటుంది.

ఈ మూడూ సిప్రినిడే కుటుంబంలోని దగ్గరి బంధువులు. మరి నోళ్లు వేరెందుకయ్యాయి? ఒకే పూర్వీకుని సంతతి అంతా అచ్చుగుద్దినట్లు ఉండదు. తిండికి పోటీ పెరిగినప్పుడు, ఇతరులు ముట్టని ఆహారాన్ని అందుకోగలిగిన వాటికి కొంత మేలు. ఆ స్వల్పభేదం వేల తరాలు పోగుపడి, జతకట్టడం కూడా వేరైతే కొత్త జాతులు ఏర్పడతాయి. ఇలా ఒక మూలం నుండి పలు జాతులు పలు జీవన విధానాలకు చీలడమే అనుకూల వికిరణం. 1835లో డార్విన్ గాలపాగస్ దీవుల్లో చూసిన ఫించ్ పక్షులను దీనికి ఉదాహరణగా చెబుతారు. మంచి ఉదాహరణే, కాని ఆ పిట్టలు మన బజారుకు రావు! ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సిక్లిడ్ చేపలు ఇలాగే వందల జాతులయ్యాయి. మన కాలువల్లోని తిలాపియా వాటి దాయాదే.

వేరువేరు మేతల చేపలను కలిపి పెంచితే ఒకదాని తిండికి మరొకటి అంతగా అడ్డురాదు. మన వైపు రైతులు శీలావతిని ఎక్కువగా, బొచ్చెను కొంతగా వేస్తారు. తవుడు నింపిన చిల్లుల సంచులను చెరువులో కర్రలకు కట్టడం మీరు చూసే ఉంటారు.

ఇక్కడొక చిక్కుంది. ఈ చేపలు నిలవ నీటి చెరువుల్లో గుడ్లు పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించారు. దానితో హేచరీలు వెలిశాయి. అయితే బొచ్చె, శీలావతి ఇంకా పూర్తిగా దూరమైన జాతులు కావు. రెండూ కలిస్తే పుట్టే సంకర చేపకు కూడా సంతానం కలుగుతుంది. నదిలో ఇది అరుదు. హేచరీలో రెండింటినీ ఒకే తొట్టిలో వదిలితే సులువు. సంకర చేప తల బొచ్చె తలకంటే చిన్నది కనుక కొందరు కావాలనే పుట్టిస్తారు. తినడానికైతే సరే. కాని దానినే మళ్లీ తల్లిచేపగా వాడితే, కొన్ని తరాలకు అసలు బొచ్చె ఏదో, అసలు శీలావతి ఏదో తేల్చలేము. పైమేతకూ నడిమేతకూ ఏర్పడిన నోళ్లు మళ్లీ కలగలిసిపోతాయి.

బజారులో అటూ ఇటూ కాని నోరు కనిపిస్తే, ఆ చేప తల పొడవునూ ఒంటి పొడవునూ కొలిచి, బొచ్చె, శీలావతి కొలతల పక్కన నోటుపుస్తకంలో రాసుకోండి.