అమ్మను ఎవరికి అప్పగించాలి?

వాక్యభాగం: యోహాను 19:25-27

ప్రియులారా, సిలువ మీద బాధపడుతూ కూడా యేసయ్య తల్లి సంగతి మరువలేదు. తన శిష్యునికి ఆమెను అప్పగించారు.

ఇక్కడ అమెరికాలో అసిస్టెడ్ లివింగ్ అనగానే, "ఊళ్లో ఏమనుకుంటారు?" అని ఆగిపోతాం. ముందు చూడవలసింది అమ్మ పరిస్థితి. స్నానం, మందులు, రాత్రి బాత్రూముకు లేవడం, వీటిలో దేనికి ఇబ్బంది పడుతోంది? మనం ఉద్యోగాలకు వెళ్ళాక పగలంతా తలుపులు వేసుకుని ఒంటరిగా కూర్చుంటే, ఇంట్లో ఉన్నా ఆమెకు తోడెవరు?

అక్కడి అద్దె, భోజనం ఖర్చులు మెడికేర్ ఇవ్వదు. లెక్క ముందే చూసుకోండి. ఒక పూట ఆమెతో అక్కడే భోంచేయండి. పప్పన్నం లేకపోయినా సర్దుకుంటుందేమో గానీ, తెలుగులో పలకరించేవారు లేకపోతే కష్టం. ఆమెనే అడగండి. ఆదివారం ఆరాధనకు ఎవరు తీసుకొస్తారో చేర్చకముందే సంఘంలో మాట్లాడుకోండి.