కంప్యూటరునందు పటముల పరికరమును నెలకొల్పు విధము

నిజాంసాగరు క్రింద వరి పండించు బాన్సువాడ ప్రాంతపు రైతునకు నీరెటు పారునో తెలియుట ముఖ్యము. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఆ జలాశయపు నీరు కాలువ మొదట నున్నవారికి ముందుగను, చివర నున్నవారికి తరువాతను చేరును. కావున క్రొత్త పిల్లకాలువను గూర్చి యోచించు ఊరివారు తమ నేలవాలును ముందుగ పటముపై చూచుకొనుట మేలు.

ఇందులకు జీడాల్ అను పరికరము కలదు. దీనిని 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ గారు ప్రారంభించిరి. దీనికి వెల లేదు. ఇందు బొమ్మలను నొక్కుటకు మారుగ ఆజ్ఞను వ్రాసి పని చేయింపవలయును. ఆజ్ఞలను ఇచ్చట తెలుగున వ్రాసినను, యంత్రమునకు ఆంగ్లపు చిన్నయక్షరములతోనే ఇయ్యవలయును. చదువుకొన్న పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు.

1. విండోస్: ఓఎస్‌జియో4డబ్ల్యూ అను స్థాపకమును దింపుకొని, అందు జీడాల్‌ను ఎన్నుకొనవలయును. పిమ్మట దానితో వచ్చిన ఓఎస్‌జియో4డబ్ల్యూ షెల్ అను కిటికీనే తెరువవలయును. మేము మొదట మామూలు ఆజ్ఞల కిటికీని తెరచి, ఆజ్ఞ తెలియదని యంత్రము చెప్పగా, స్థాపనమే చెడినదని పూటంతయు పోగొట్టుకొంటిమి.

2. ఉబుంటు, డెబియన్: టెర్మినల్ తెరచి 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అనియు, తరువాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీడాల్-బిన్' అనియు వ్రాయుడు. సంకేతపదము వ్రాయునపుడు తెరపై నేమియు కానరాదు, భయపడవలదు.

3. మాక్: ముందుగ హోమ్‌బ్రూ నెలకొల్పి, 'బ్రూ ఇన్‌స్టాల్ జీడాల్' అని వ్రాయుడు.

మూడింటను పరీక్ష యొక్కటే: 'జీడాల్ఇన్ఫో' అను మాట తరువాత ఒక ఖాళీ విడిచి, రెండు అడ్డగీతలతో 'వెర్షన్' అని వ్రాయగా సంఖ్య కనబడినచో పని కుదిరినట్లే.

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్షనౌకనుండి రాడారుతో కొలిచిన నేలయెత్తులు ఉచితముగ లభించును. వానినుండి 'జీడాల్_కాంటూర్' అను ఆజ్ఞ సమానయెత్తు గీతలను గీయును.

అయిన నొక హెచ్చరిక. ఆ కొలతలో ఒక్కొక్క గడి సుమారు 30 మీటర్ల చదరము, అనగా రమారమి 9 గుంటలు. అందు గట్లు కానరావు. యెత్తులలో కొన్ని మీటర్ల తప్పుండవచ్చును. చెట్ల తలలును నేలలో కలియవచ్చును. కావున దీనినిబట్టి హద్దు తగవు తీర్చుకొనవలదు, కాలువ త్రవ్వవలదు. హద్దునకు సర్వేయరు గొలుసు, కాలువకు మట్టపు కొలత తప్పవు. పటము వెదకవలసిన చోటును చూపును. నిర్ణయము మాత్రము నేలపై నిలిచి, కాలువ చివరి రైతును గూడ పిలిచి చేయవలయును.