పాఠం 17: కాంక్రీటుకు రక్షణ పూత

17.1 పరిచయం

మీ ఇంటి స్లాబు కింద నిలబడి ఒకసారి పైకి చూడండి. ఎక్కడైనా గోధుమరంగు మరక ఉందా? చువ్వ వెంబడి సన్నని పగులు కనిపిస్తోందా? ఉంటే దానిపై సున్నమో రంగో వేసి కప్పేయకండి. ముందు ఈ పాఠం చదవండి.

గుజరాత్‌లో సూరత్ నగరానికి పడమట, తపతి నది ఖంభాత్ సింధుశాఖలో కలిసేచోట హజీరా ఉంది. 1980 దశకం నుంచి అక్కడ ఎరువులు, సహజవాయువు, ఉక్కు, పెట్రో రసాయనాల కర్మాగారాలు వెలిశాయి. సూరత్ మరమగ్గాల్లో పనిచేయడానికి తెలంగాణ నుంచి వెళ్ళిన కుటుంబాలు తరాలుగా ఆ ప్రాంతంలో నివసిస్తున్నాయి. హజీరాలో కాంక్రీటు మీద ఉప్పుగాలి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన, ఆ తరువాత ఎండ, కర్మాగారాల పొగ అన్నీ పనిచేస్తాయి. అందుకే హజీరాను ఉదాహరణగా తీసుకున్నాం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో ఉన్నవారికీ ఈ విషయాలు వర్తిస్తాయి.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కాంక్రీటు లోపలి చువ్వలు ఎందుకు తుప్పు పడతాయో వివరించగలుగుతారు.
• పనికి తగిన పూతను ఎంచుకోగలుగుతారు.
• పూత ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకూడదో చెప్పగలుగుతారు.

17.3 కాంక్రీటు ఎలా పాడవుతుంది?

కాంక్రీటు రాయిలా కనిపిస్తుంది. కాని దానిలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. కలిపేటప్పుడు పోసిన నీటిలో సిమెంటు వాడుకోగా మిగిలినది ఆవిరై వెళ్ళిన దారులే ఇవి. నీరు ఎక్కువ పోసినకొద్దీ ఈ దారులు పెరుగుతాయి.

కొత్త కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. దానివల్ల ఇనుప చువ్వ చుట్టూ పలుచని రక్షక పొర ఏర్పడుతుంది. ఈ పొరకు ఇద్దరు శత్రువులు. మొదటిది ఉప్పులోని క్లోరైడు. అది తేమతో కలిసి రంధ్రాల గుండా చువ్వను చేరి పొరను ఛేదిస్తుంది. రెండవది గాలిలోని కార్బన్ డై ఆక్సైడు. అది కాంక్రీటు క్షారగుణాన్ని నెమ్మదిగా తగ్గిస్తుంది. పొర పోయాక నీరు, ఆక్సిజను అందితే చువ్వ తుప్పు పడుతుంది.

తుప్పు, అది పుట్టిన ఇనుము కంటే 2 నుంచి 6 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటు లేక కాంక్రీటును పగలగొడుతుంది. స్లాబు పెచ్చులూడి పడటానికి కారణం ఇదే.

పాఠ్యగత ప్రశ్నలు – 1
1. కాంక్రీటులో రంధ్రాలు ఎందుకు ఏర్పడతాయి?
2. తుప్పు పట్టిన చువ్వ కాంక్రీటును ఎలా పగలగొడుతుంది?

17.4 పూతకంటే ముందు

పూత గొడుగు లాంటిది. ఎముకల్లో బలం లేనివాడికి గొడుగు ఇచ్చి ఏం లాభం? కాంక్రీటును ముందు బాగా వేయాలి.

భారత ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) వాతావరణాన్ని ఐదు తరగతులుగా విభజించింది. సముద్రతీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటు ‘తీవ్రం’ అనే తరగతిలోకి వస్తుంది. సముద్రపు తుంపర నేరుగా పడేది ‘అతి తీవ్రం’. తీవ్ర తరగతికి:
• కాంక్రీటు కనీసం ఎం 30 రకం కావాలి.
• సిమెంటు బరువులో నీరు 0.45 వంతు మించరాదు. అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు. ఇసుకలోని తడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది.
• చువ్వపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలి. కవరు బిళ్ళలు పెట్టకుండా చువ్వలను సెంట్రింగు మీద ఆనించకూడదు.
• మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే 10 రోజులు తడపాలి. బూడిద వంటివి కలిసిన సిమెంటుకూ 10 రోజులే.

కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ క్లోరైడు ఉండరాదు. ఉప్పునీటితో కలిపితే శత్రువును మనమే లోపలికి పిలిచినట్లు. తరువాత పైన ఎంత పూత వేసినా అది బయటికి పోదు.

17.5 పూతలలో రకాలు

(అ) లోపలికి ఇంకేవి: సిలేన్, సిలోక్సేన్ అనే ద్రవాలు. ఇవి రంధ్రాల గోడలకు అంటుకుని నీరు లోపలికి పీల్చుకోకుండా చేస్తాయి. రంధ్రాలను మూసివేయవు కనుక లోపలి తేమ ఆవిరిగా బయటికి పోగలదు. బయటి గోడలకు, స్తంభాలకు అనుకూలం. నీరు నిలిచే చోట ఇవి చాలవు.

(ఆ) పైన పొర కట్టేవి: అక్రిలిక్, ఎపాక్సీ, పాలీయూరిథేన్ పూతలు. ఎపాక్సీ రసాయనాలను బాగా తట్టుకుంటుంది, కాని ఎండకు సుద్దలా రాలుతుంది. అందువల్ల ఆరుబయట దాన్ని ఒంటరిగా వాడరు. గోడలో తేమ ఉండగా ఇటువంటి పూత వేస్తే బొబ్బలు లేచి ఊడిపోతుంది.

డాబాపై ముందుగా నీరు జారే వాలు కల్పించాలి. ఆ తరువాతే నీరు దిగని పూత వేయాలి.

17.6 వేసే పద్ధతి

1. కొత్త కాంక్రీటైతే సాధారణంగా 28 రోజులు ఆగండి.
2. నాచు, దుమ్ము, నూనె, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి ఆరనివ్వండి. వాన వెళ్ళి గోడ ఎండిన కాలం అనువైనది.
3. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అంటించి 16 గంటలు ఉంచండి. కింద నీటి బిందువులు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్లే.
4. మిట్టమధ్యాహ్నం వద్దు. డబ్బాపై ఉన్న కొలత ప్రకారం పూత వేయండి.
5. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ధరించండి. దగ్గరలో బీడీ కాల్చవద్దు. పరంజా మీద నడుముకు బెల్టు తప్పనిసరి.

17.7 ఇప్పటికే పగిలి ఉంటే

చిన్న సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల విడిపోయినట్లు. అక్కడ పూత వేయడం డబ్బు దండగ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. పైన కొత్త రంగు మెరుస్తుంటే లోపల చువ్వ సన్నబడుతున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. విడిపోయిన భాగాన్ని చువ్వ వెనుకదాకా తొలగించి, తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, మరమ్మతు గారతో నింపి తడపాలి. రక్షణ పూత చివరి మెట్టు. దూలం, స్తంభం పగిలినా, చువ్వ సన్నబడినా ఇంజనీరుకు చూపేదాకా దాని కింద ఎవరినీ పడుకోనివ్వకండి.

కృత్యం: మీ ఇంటి బయటి గోడపై మూడు చోట్ల నీళ్ళు చిలకరించండి. నీరు వెంటనే ఇంకి గోడ నల్లబడితే అది నీటిని పీలుస్తోందన్నమాట. ముత్యాల్లా జారిపోతే పూత పనిచేస్తోంది. ఏటా వానాకాలానికి ముందు ఇలా చూసి రాసిపెట్టుకోండి.

17.8 సారాంశం

నీరు, ఉప్పు చువ్వను చేరకుండా చూడటమే రక్షణ. తక్కువ నీరు, సరైన కవరు, తగినంత తడపడం మొదటి కవచం. పూత రెండవది. తుప్పు మొదలయ్యాక పూత మందు కాదు.

17.9 పాఠాంత ప్రశ్నలు

1. ఒక మేస్త్రీ 50 కిలోల బస్తాకు 30 లీటర్ల నీరు పోశాడు. నీటి నిష్పత్తి ఎంత? హజీరాలో ఇది తగునా?
2. గోడ వైశాల్యం 300 చదరపు అడుగులు. లీటరు ద్రవం ఒక పూతకు 50 చదరపు అడుగులకు వస్తుంది. రెండు పూతలకు ఎన్ని లీటర్లు కావాలి?

జవాబులు

పాఠ్యగత ప్రశ్నలు – 1: 1. మిగులు నీరు ఆవిరై పోవడం వల్ల. 2. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి నెడుతుంది.
పాఠాంత ప్రశ్నలు: 1. 30 ÷ 50 = 0.60, తగదు. 2. 12 లీటర్లు.