రోగి దగ్గర రాత్రి కావలి: మెలకువగా ఉండుట ఎలా?



మన ఆసుపత్రికి వచ్చే రోగి వెంట ఇంటివారు ఒకరైనా ఉంటారు. పగలు చూడవచ్చే చుట్టాలు చాలామంది. రాత్రి పది దాటాక మంచం పక్కన మిగిలేది ఒక్కరే. ఎక్కువగా ఆమె ఆ ఇంటి కోడలో, కూతురో, భార్యో అయి ఉంటుంది. పగలంతా వండి, బట్టలు ఉతికి, మందుల షాపుకు తిరిగి, రాత్రి కూడా ఆమెనే కూర్చుంటుంది. రోగికి బాధ ఎక్కువగా ఉన్న రాత్రి ఎవరికీ నిద్ర రాదు. రోగి నిమ్మళంగా పడుకున్న రాత్రే కళ్లు మూతలు పడతాయి. ఇంటికి పంపిన తరువాత కూడా ఈ కావలి కొన్నాళ్లు తప్పదు. అందుకే ఈసారి పాఠం దీని గురించి.

నిద్ర ఎందుకు ఆగదు?

కావలి ఉన్న మనిషి కునుకు తీస్తే బద్ధకం అని తిడతాము. అది బద్ధకం కాదు. దేవుడు మన శరీరంలో ఒక గడియారం పెట్టాడు. అది ఎలా పనిచేస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. తెల్లవారుజామున, సుమారు 3 నుండి 5 గంటల మధ్య, శరీరం వేడి తగ్గుతుంది, చురుకుదనం అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ గనులలో రాత్రి షిఫ్టు చేసిన కార్మికులను అడిగితే ఈ సంగతి వారే చెబుతారు.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక లెక్క చూపారు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరు అంతగా పడిపోతుంది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. ఉదయం 6 గంటలకు లేచిన కోడలికి రాత్రి 11 గంటలకే 17 గంటలు నిండుతాయి. ఆ తరువాత ఆమె చేతికి మందు సీసా ఇస్తున్నామని గుర్తుంచుకోండి.

వాక్యంలో కావలి జాములు

పూర్వం కావలివారు రాత్రిని జాములుగా పంచుకొనేవారు. మార్కు 13:35లో నాలుగు జాములు కనిపిస్తాయి. న్యాయాధిపతులు 7:19లో గిద్యోను శత్రువుల దండు దగ్గరికి వచ్చే వేళకు కావలివారు అప్పుడే మారి ఉన్నారు. అంటే యుద్ధంలో సైతం ఒకే మనిషిని రాత్రంతా నిలబెట్టలేదు. గెత్సేమనే తోటలో శిష్యులు నిద్రపోయినప్పుడు ప్రభువు వారిని మందలించాడు, అయినా వారి శరీర బలహీనతను ఎరిగే మాట్లాడాడు. కునుకని వాడు, నిద్రపోని వాడు ఒక్క దేవుడేనని 121వ కీర్తన మనకు నేర్పుతుంది. ఆయనకే చెల్లిన పనిని ఒక ఆడబిడ్డ మీద ఎందుకు మోపాలి?

1. జాములు పంచుకోండి

రాత్రిని రెండు భాగాలు చేయండి: 10 నుండి 2 వరకు ఒకరు, 2 నుండి 6 వరకు ఇంకొకరు. రెండవ జాము వారు ముందుగా చాప వేసుకొని నిజంగా పడుకోవాలి, ముచ్చట్లు పెట్టకూడదు. కొడుకులు, అల్లుళ్లు కూడా ఒక జాము తీసుకోవాలి. ఇంట్లో ఎవరూ లేనివారి కోసం స్త్రీల మైత్రి, యువజనులు వంతులు వేసుకొని వస్తే అది గొప్ప పరిచర్య. రాత్రి కూర్చోవలసినవారిని మధ్యాహ్నం గంటన్నర పడుకోనివ్వండి.

జాము మారేటప్పుడు మూడు మాటలు చెప్పండి: చివరి మందు ఎప్పుడు వేశారు, దేనిని కనిపెట్టి చూడాలి, తరువాతి పని ఎన్ని గంటలకు ఉంది. ఫ్లారెన్స్ నైటింగేల్ అంటే అందరికీ దీపమే గుర్తుకొస్తుంది. కాని 1859లో అచ్చయిన తన నర్సింగ్ పుస్తకంలో ఆమె గట్టిగా చెప్పిన ఒక సంగతి ఇది: మనం ఉన్నప్పుడు జరిగే పని, మనం లేనప్పుడు కూడా జరిగేటట్లు ఏర్పాటు చేయాలి.

2. చేతికి పని పెట్టండి

ఊరికే చూస్తూ కూర్చుంటే నిద్ర వస్తుంది. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొని అరగంటకు ఒకసారి లేచి రోగిని చూసి రాయండి: టైము, నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఒళ్లు వేడిగా ఉందా చల్లగా ఉందా, ఎన్ని నీళ్లు తాగారు, మూత్రం వచ్చిందా. పెద్దవారికి నిమిషానికి 12 నుండి 20 శ్వాసలు మామూలు. ఉదయం డాక్టరుగారికి ఈ నోటుబుక్కు చాలా ఉపయోగపడుతుంది.

కదలలేని రోగిని రెండు గంటలకు ఒకసారి పక్క మార్చండి. దీనివలన పుండ్లు పడవు, మీకు నిద్ర రాదు.

మిగిలిన సమయంలో చప్పుడు లేని పని చేయండి. పుట్టిన బిడ్డలకు ఉన్ని టోపీలు అల్లవచ్చు, చిరిగిన బట్టలు కుట్టవచ్చు, చిన్న లైటు పెట్టుకొని వాక్యం చదువుకోవచ్చు. లైటు మీ పుస్తకం మీద పడాలి గాని రోగి కళ్ల మీద కాదు. మన ప్రాంతంలో చాలామంది తల్లులకు బీడీల చాట ముందేసుకుంటే చేయి ఆడుతుంది, నిద్ర రాదు. కాని రోగి దగ్గర అది వద్దు. తంబాకు దుమ్ము దమ్ము ఉన్నవారికి, పసిబిడ్డలకు హాని చేస్తుంది. ఫోనులో సినిమా పెట్టి చెవులు మూసుకుంటే మేలుకొనే ఉంటారు, కాని రోగి పిలుపు వినపడదు.

రోగి పక్కన గుసగుసలు కూడా మంచివి కావు. తన గురించే ఏదో దాస్తున్నారని రోగి భయపడతాడు.

3. తిండి, టీ, చిన్న కునుకు

రాత్రి కడుపు నిండా అన్నం తింటే నిద్ర ముంచుకొస్తుంది. ఒకటి రెండు జొన్నరొట్టెలు, కొన్ని పల్లీలు, అటుకులు చాలు. టీ జాము మొదట్లోనే తాగండి. టీలోని మత్తు తీసే గుణం సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారబోతుండగా తాగితే ఉదయం మీకు నిద్ర పట్టదు. బీడీ, గుట్కా వద్దు.

ఇక ఆగలేకపోతే దాచవద్దు. ఇంకొకరిని లేపండి, వార్డులో అయితే డ్యూటీ సిస్టరుతో చెప్పండి. అలారం పెట్టుకొని 20 నిమిషాలు పడుకోండి. లేచిన వెంటనే మందులు ముట్టవద్దు. ముఖం కడుక్కొని, నాలుగడుగులు నడిచి, మత్తు పూర్తిగా వదిలిన తరువాతే లైటు వేసి, మందు పేరు పైకి చదివి ఇవ్వండి. కుర్చీలో బిడ్డను ఒడిలో పెట్టుకొని మాత్రం కునుకు తీయవద్దు.

4. చేయకూడనివి

ఆదిలాబాద్ వైపు చలికాలం గట్టిగా ఉంటుంది. తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని కూర్చోవద్దు. దాని నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. నిద్ర వస్తోంది అనుకుంటూనే ప్రాణం పోతుంది. దుప్పటి కప్పుకోండి. సెలైన్ వేగం, ఆక్సిజన్ మీరే పెంచడం తగ్గించడం చేయవద్దు.

5. వెంటనే పిలవండి

• పెద్దవారి శ్వాస నిమిషానికి 25 లేదా అంతకు మించితే, 10 కంటే తగ్గితే
• రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ల లోపు బిడ్డకు 40 లేదా అంతకు మించితే
• పిలిస్తే పలకకపోతే, మాట తడబడితే, ఫిట్స్ వస్తే
• బాలింతకు రక్తస్రావం ఎక్కువైతే
• షుగరు రోగికి చెమటలు, వణుకు వస్తే (తెలివిలో ఉంటే ముందు చక్కెర నీళ్లు తాగించండి)

ఇంట్లో ఉంటే 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ సేవ రాత్రి వేళ కూడా ఉంటుంది. తెల్లవారనీ చూద్దాం అనుకోవద్దు.

6. తెల్లవారిన తరువాత

రాత్రంతా మేలుకొన్నవారు మోటారుసైకిలు నడిపి రాజీవ్ రహదారి ఎక్కవద్దు. బస్సులో వెళ్లండి. ఇంటివారు ఆమెకు వెంటనే పొయ్యి పని చెప్పక, కిటికీకి దుప్పటి కట్టి, ఐదారు గంటలు పడుకోనివ్వాలి.

"పాపం, ఆమె రాత్రంతా కన్ను మూయలేదు" అని మనం మెచ్చుకుంటాము. ఇకమీదట ఆ మాట వినిపించినప్పుడు, "మరి రెండవ జాము ఎవరు కూర్చున్నారు?" అని అడగండి. ఎవరూ లేరని తెలిస్తే, ఆ రాత్రికి మీరే వెళ్లండి.

దేవుడు రోగులను స్వస్థపరచి, వారి పక్కన కూర్చున్నవారిని బలపరచును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్