గడ్డి కూరిన సింహం కాదు

పోయిన ఆదివారం మన లైబ్రరీలో పాత పుస్తకం ఒకటి తిరగేస్తుంటే అందులో ఏనుగుల ఫొటో కనిపించింది. ఎనిమిది ఏనుగులు, మంద మంద కదిలిపోతున్నట్టే ఉంది. ఒకమ్మాయి "అవి బతికే ఉన్నాయి" అన్నది. ఇంకొకామె "కాదే, తోలులో గడ్డి కూరి నిలబెట్టారు" అన్నది. నేనూ గడ్డే అన్నాను. మా ఊరి కింద గొల్లోళ్ల ఇంట్లో దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందర పెడతారు. గేదె దాన్ని నాకి పాలు చేపుతుంది. అది చూసిన దాన్ని కాబట్టి అట్లా అన్నాను. సైన్సు సారుని అడిగితే నవ్వి, ఇద్దరూ తప్పే అన్నారు. సారు చెప్పింది, నేను చదివింది కలిపి రాస్తున్నాను.

ఆ ఏనుగులు అమెరికాలో న్యూయార్క్ నగరంలో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నాచురల్ హిస్టరీలో ఉన్నాయి. ఆ హాలును 1936లో తెరిచారు. ఏనుగుల చుట్టూ 28 గాజు గదుల్లో ఆఫ్రికా జంతువులు ఉంటాయి. హాలుకి కార్ల్ ఏక్లీ పేరు పెట్టారు. ఆయన 1864లో పుట్టాడు. చచ్చిన జంతువును బతికున్నట్టు నిలబెట్టే ఈ పనిని టాక్సిడెర్మీ అంటారు.

ఏక్లీ కంటే ముందు నిజంగానే గడ్డి కూరేవాళ్లు. కూరేకొద్దీ తోలు సంచిలాగా ఉబ్బుతుంది. కాళ్లు దిండ్లలాగా, పొట్ట బస్తాలాగా అయిపోతుంది. గేదెకి అది చాలు, ఎందుకంటే గేదె వాసన చూస్తుంది. మనిషి మాత్రం కంటితో చూస్తాడు కదా, మోసపోడు.

ఏక్లీ తిరగేసి ఆలోచించాడు. తోలు లోపలికి ఏదో కూరడం కాదు, ముందు తోలు లేని జంతువును తయారు చేసి దానికి తోలు తొడగాలి అనుకున్నాడు. జంతువు చచ్చిన వెంటనే, తోలు తీయకముందే టేపుతో కొలతలన్నీ తీసుకోవాలి. తోలు తీశాక కండలు ఎక్కడ మొదలై ఎక్కడ అంటుకున్నాయో చూసి రాసుకోవాలి. ముఖానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవాడు. ఎండదేశం కాబట్టి తోలుకి ఆలస్యం చేయకుండా ఉప్పు పట్టించాలి. ఆలస్యమైతే వెంట్రుకలు పట్టు తప్పి ఊడిపోతాయి, అంత కష్టమూ పోయినట్టే. తర్వాత తోలు పదును చేస్తారు.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఎముకలు, కర్రలు, ఇనుప కడ్డీలతో ఒక గూడు కట్టి దాని మీద బంకమన్నుతో జంతువును చేస్తారు, మనం వినాయకుణ్ణి చేసినట్టు. కాని ఇక్కడ ఒక్కో కండ, ఒక్కో నరం కొలత ప్రకారం రావాలి. దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసి, మన్ను తీసేసి, అచ్చులో కాగితపు గుజ్జూ సన్న ఇనుప జాలీ పొరలు పొరలుగా వేస్తారు. ఆరాక లోపల డొల్లగా, తేలికగా, గట్టిగా ఉండే బొమ్మ వస్తుంది. నీళ్లు పట్టకుండా దానికి లక్క పూత పూస్తారు. మన అడవిలో మోదుగు చెట్ల కొమ్మలకి పట్టే లక్కే! దాని మీద జిగురు రాసి తోలు తొడిగి కుడతారు. ఇప్పుడైతే మన్ను, గుజ్జు బదులు ఎక్కువగా ఫోము బొమ్మలు వాడుతున్నారు.

అన్నిటికంటే కష్టం తల. కళ్లు, పెదవులు, ముక్కు తడివి, ఎండితే ముడుచుకుపోతాయి. అందుకే గాజు కళ్లు పెట్టి, రెప్పల తోలు జాగ్రత్తగా సర్ది, ముక్కుకి రంగు వేస్తారు. నాకు బాగా నచ్చింది ఇది: వేటాడే జంతువుకీ, పారిపోయే జంతువుకీ కళ్లు ఒకటి కావు. సింహం కళ్లు ముందుకి చూస్తాయి, కంటిపాప గుండ్రంగా ఉంటుంది. (మన వంటగది పిల్లికి మాత్రం గీతలాగా నిలువు పాప. రెండూ ఒకే జాతి అంటే ఎవరు నమ్ముతారు?) జీబ్రా కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, పాప అడ్డంగా ఉంటుంది, మేత మేస్తూనే వెనకా ముందూ చూడటానికి. సింహం తలకి గుండ్రటి పాప బదులు అడ్డపాప గాజు పెడితే ఎంత బాగా కుట్టినా మేకలాగా ఉంటుందట.

చెవులు కూడా. మా తాత చెప్పేవాడు, దుప్పి ముందు చెవి తిప్పుతుంది, తర్వాతే తల ఎత్తుతుంది అని. పులి దగ్గర ఉంటే రెండు చెవులూ ఒకవైపే ఉంటాయి. ఇది తెలియనివాడు జీబ్రా చెవులు ఊరికే నిలబెడతాడు. అది చూడటానికి జీబ్రాయే, కాని దేనికీ భయపడని జీబ్రా అవుతుంది. కుట్టడంలోనూ జీబ్రాయే కష్టం. పొట్టి వెంట్రుకలు, దారం కనిపిస్తుంది, చారకి చార కలవాలి. మగ సింహానికి జూలు ఉంటుంది కాబట్టి తప్పులు దాచుకోవచ్చు.

జూలు లేని రెండు మగ సింహాల కథ కూడా ఉంది. అవి చికాగోలో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్నాయి. 1898లో తూర్పు ఆఫ్రికాలో, ఇప్పటి కెన్యాలో, ఇంగ్లీషువాళ్లు రైలు దారి వేస్తూ సావో నది మీద వంతెన కట్టారు. పనికి మన దేశం నుంచి కూలీలను తీసుకుపోయారు. ఆ రెండు సింహాలు రాత్రిపూట గుడారాల్లోకి వచ్చి మనుషుల్ని ఈడ్చుకుపోయేవి. వంతెన పని చూసే ప్యాటర్‌సన్ అనే ఇంజనీరు డిసెంబరులో రెండింటినీ కాల్చాడు. వాటి తోళ్లను ఇంట్లో తివాచీలుగా పరుచుకున్నాడు. పాతికేళ్లు తొక్కాక 1924లో మ్యూజియానికి 5000 డాలర్లకి అమ్మాడు. తివాచీ కోసం అంచులు కత్తిరించిన తోలు కాబట్టి ఎంత నేర్పుగా తొడిగినా సరిపోలేదు. అందుకే ఆ సింహాలు బతికున్నప్పటి కంటే చిన్నగా ఉన్నాయి. మొదటిదాన్ని మోయడానికి ఎనిమిది మంది కావలసి వచ్చిందని ప్యాటర్‌సన్ రాశాడు. మ్యూజియంలో చూస్తే అట్లా అనిపించదు.

వాటి పుర్రెలు దాచిపెట్టారు. ఒకదానికి కోరపన్ను విరిగి వేరు దగ్గర చీము పట్టి ఉంది. పంటి నొప్పితో జీబ్రాను పట్టలేక మెత్తని మనుషుల వెంట పడిందేమో అంటారు. పళ్ల సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకలను పరీక్షించి 2024లో శాస్త్రవేత్తలు చెప్పారు: అందులో జిరాఫీవి, జీబ్రావి, వైల్డ్‌బీస్ట్‌వి, మనిషివి కూడా ఉన్నాయని. అంటే జీబ్రాను బాగానే పట్టింది! ఎంతమందిని తిన్నాయి అంటే ప్యాటర్‌సన్ ఒకచోట 135 అన్నాడు. 2009లో ఎముకలు, వెంట్రుకలు పరీక్షించినవాళ్లు సుమారు 35 అన్నారు. ప్యాటర్‌సన్ తన పుస్తకంలో మన కూలీలు 28 మంది అని లెక్క రాశాడు. ఆఫ్రికావాళ్లు ఇంకా చాలామంది చచ్చిపోయారని, వాళ్ల లెక్క ఎవరూ ఉంచలేదని కూడా తనే రాశాడు. వాళ్లది ఆ ఊరే, ఆ అడవే. పళ్ల సందులో ఇరుక్కున్న వెంట్రుక ఎవరిదో ఎట్లా తెలుస్తుంది? సింహాల తోలుకి మాత్రం కొలత, తేదీ, ధర అన్నీ ఉన్నాయి. ఇది చదివినప్పటి నుంచి నాకు అదే గుర్తొస్తోంది.

ఏక్లీ సంగతి చెప్పడం మరిచాను. ఆయన 1921లో మ్యూజియం కోసం గొరిల్లాలను కాల్చి ముఖాలకి అచ్చులు తీశాడు. ఆ ముఖాలు చూశాక మనసు మారింది. వాటిని ఎవరూ చంపకూడదని బెల్జియం రాజుని అడిగి 1925లో కాంగోలో రక్షిత అడవి పెట్టించాడు. మరుసటి ఏడాది మళ్లీ గొరిల్లాల బొమ్మ పని కోసమే వెళ్లి జబ్బు చేసి అక్కడే చనిపోయాడు. అక్కడే పూడ్చారు. హాలు తెరవడం ఆయన చూడలేదు.

కింద రెండు కళ్లు గీశాం. ఏది సింహానిది, ఏది జీబ్రాది? జవాబు, మీ పేరు చీటీ మీద రాసి గోడపత్రిక పక్కనున్న డబ్బాలో వేయండి.

– 9వ తరగతి విద్యార్థిని